పట్టాలకు అతుకు, కరెంటుకు తీగ

హైదరాబాద్ మదీనాగూడలో ఉండేవాళ్ళకి రెండు రకాల రైలు పట్టాలు కూతవేటు దూరంలోనే ఉన్నాయి. ఒక పక్క హఫీజ్‌పేట స్టేషను. సికింద్రాబాద్ నుంచి వాడి దాకా 1874లో నిజాం రాజ్యంలో పడ్డ లైను ఇది. 2003 ఆగస్టు నుంచి దీని మీదే ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైలు నడుస్తోంది. ఇది బ్రాడ్‌గేజి, రెండు పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. ఇంకో పక్క మియాపూర్‌లో 2017 నవంబరులో మొదలైన మెట్రో. దాని పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. రోజూ రెండూ ఎక్కేవాళ్ళు కూడా ఈ తేడా గమనించరు. ఇంట్లో నమూనా రైలు వేసుకోవాలనుకున్న రోజున మాత్రం మొట్టమొదట ఎదురయ్యే లెక్క ఇదే.

ఇంట్లో రైళ్ళు నడిపేవాళ్ళలో ఎక్కువమంది పట్టుకునే కొలత 87కి ఒక వంతు. దీన్ని హెచ్‌ఓ అంటారు. 1435ని 87తో భాగించండి, పదహారున్నర మిల్లీమీటర్లు వస్తుంది. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టా వెడల్పు సరిగ్గా అంతే. అంటే మియాపూర్ మెట్రోని నమూనా చేసుకునేవాళ్ళకి కొలత వెంట్రుకవాసి తేడా లేకుండా కుదురుతుంది. ఎం.ఎం.టి.ఎస్. కావాలంటే 19 మిల్లీమీటర్లు దాటిన పట్టా ఉండాలి. అది తయారుగా దొరకదు, చేత్తో వేసుకోవాలి. మన దేశంలో చాలామంది పదహారున్నర మీదే మన బండ్లు నడుపుకుంటున్నారు. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదని నేననుకుంటాను. దాదాపు మూడు మిల్లీమీటర్ల తేడా కంటికి ఆనదు.

కంటికి ఆనేది పొడవు. 24 పెట్టెల ఎల్‌హెచ్‌బీ ఎక్స్‌ప్రెస్‌ని ఈ కొలతకి కుదించినా ఇంజను కాకుండానే ఆరున్నర మీటర్లు వస్తుంది. ఒక కిలోమీటరు దారి పదకొండున్నర మీటర్లవుతుంది. అందుకే దీన్ని పెద్దగా చెయ్యాలనుకునేవాళ్ళు హాల్లో టేబుల్ వేసి ఆగిపోరు. పెంట్‌హౌస్ గది మొత్తమో, విల్లా పై అంతస్తో తీసుకుంటారు. గోడల వెంట చుట్టూ తిప్పితే పట్టా 20, 30 మీటర్లు సులువుగా దాటుతుంది. సరిగ్గా అక్కడే అసలు కష్టం మొదలవుతుంది.

చిన్న టేబుల్ మీద వృత్తంలా పట్టా వేసి, ఒక మూల రెండు తీగలు తగిలిస్తే బండి హాయిగా తిరుగుతుంది. అదే పద్ధతి 20 మీటర్లకి పొడిగిస్తే దగ్గర్లో జోరుగా వెళ్ళిన ఇంజను, దూరం వెళ్ళేకొద్దీ నీరసపడుతుంది. ఒక్కోచోట ఆగి, తట్టితే కదులుతుంది. కొత్తవాళ్ళు ఇంజను చెడిందనుకుని విప్పదీస్తారు. పాపం, దాని తప్పు ఏమీ ఉండదు. కరెంటు దాని దాకా చేరడం లేదు, అంతే.

ఎందుకు చేరదో చూద్దాం. ఈ పట్టాలు నికెల్ సిల్వర్ అనే మిశ్రమలోహంతో చేస్తారు. రాగి, జింకు, నికెల్ కలిసినది. పేరులో తప్ప అందులో వెండి లేదు. తుప్పు పట్టదు, మెరుపు ఉంటుంది. కానీ కరెంటుని మోయడంలో రాగికి ఏ మాత్రం సాటి రాదు. రాగి కంటే పదిహేను రెట్లకు దగ్గరగా ఎక్కువ అడ్డుపడుతుంది. హెచ్‌ఓ పట్టా మీటరుకి సుమారు 0.1 ఓమ్ అనుకోండి. 20 మీటర్ల అవతల బండి ఉంటే కరెంటు ఒక పట్టా మీద వెళ్ళి రెండో పట్టా మీద తిరిగి రావాలి. మొత్తం 40 మీటర్లు, 4 ఓమ్‌లు. ఇంజను ఒక ఆంపియర్ లాగితే దారిలోనే 4 వోల్టులు పోతాయి. మనం ఇచ్చిందే 12 అయితే మిగిలింది 8.

దీని మీద అతుకుల సంగతి. వంచడానికి వీలైన ఫ్లెక్స్ పట్టా ఒక్కో ముక్క 914 మిల్లీమీటర్లు, అంటే మూడడుగులు. 20 మీటర్లకి 22 ముక్కలు కావాలి. ఒక్కో పట్టాకి 21 అతుకులు, రెండింటికీ కలిపి 42. ప్రతి అతుకు దగ్గరా రేకుతో చేసిన చిన్న జాయినరు రెండు పట్టాల పాదాలని పట్టుకుని ఉంటుంది. కొత్తలో బిగువుగా ఉంటుంది. ఆరు నెలలకి దాని సందులో దుమ్ము చేరుతుంది. మన దగ్గర దుమ్ముకి కొదవ లేదు, చుట్టూ నాలుగు టవర్లు ఎప్పుడూ కడుతూనే ఉంటారు. గాలిలో తేమ వస్తుంది, పట్టా వేడికి సాగి మళ్ళీ ముడుచుకుంటుంది. జాయినరు వదులవుతుంది. అప్పుడు కరెంటు అక్కడ దాటడం దాని ఇష్టం.

నేను ఈ పూట చెప్పదలుచుకున్న మాట ఒక్కటే. జాయినరు ఉన్నది చక్రం ఒక ముక్క నుంచి ఇంకో ముక్క మీదికి కుదుపు లేకుండా దాటడానికి. కరెంటుకి అది దారి అనుకోకండి. కరెంటుకి రాగి తీగతో వేరే దారి వెయ్యండి.

ఇది ఆటబొమ్మల మనుషులు కనిపెట్టిన సూత్రం అనుకునేరు. అసలు రైల్వే వంద ఏళ్ళకు పైగా పాటిస్తున్నది ఇదే. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ అనే ఇంజనీరు ట్రాక్ సర్క్యూట్ పద్ధతికి రూపం ఇచ్చాడు. పట్టాల వరుసలో ఒక భాగాన్ని రెండు చివర్లా విడదీసి, ఒక చివర బ్యాటరీ, ఇంకో చివర రిలే అనే కరెంటు స్విచ్చు పెడతారు. పట్టా ఖాళీగా ఉంటే కరెంటు పట్టాల గుండా వెళ్ళి రిలేని లేపి ఉంచుతుంది. బండి వచ్చిందంటే దాని ఇరుసులే రెండు పట్టాలనీ కలిపేస్తాయి, రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎర్రగా మారుతుంది. తీగ తెగినా, పట్టా విరిగినా రిలే పడిపోతుంది, అప్పుడూ ఎరుపే. చెడిపోయినా ప్రమాదం వైపు కాకుండా భద్రత వైపే చెడిపోయే ఈ ఏర్పాటు నాకు ఎప్పుడు తలుచుకున్నా గొప్పగా అనిపిస్తుంది. సికింద్రాబాద్‌లో 1957 నుంచి ఉన్న ఇరిసెట్ సంస్థలో దేశం నలుమూలల నుంచీ వచ్చే సిగ్నల్, టెలికాం ఇంజనీర్లు నేర్చుకునే పాఠాల్లో ఇదొకటి.

ఈ ట్రాక్ సర్క్యూట్ పనిచెయ్యాలంటే పట్టా కొసల్ని ఇనుప పలకతో కలిపే ప్రతి ఫిష్‌ప్లేట్ అతుకు దగ్గరా కరెంటు తప్పకుండా దాటాలి. ఫిష్‌ప్లేట్‌కి నాలుగు బోల్టులు బిగిస్తారు, టన్నుల బరువు మోస్తుంది. అయినా కరెంటు విషయంలో రైల్వేవాళ్ళు దాన్ని నమ్మరు. అతుకుకి ఇటూ అటూ పట్టాకే బాండ్ తీగలు బిగిస్తారు. ఒకటి తెగినా రెండోది ఉంటుందని జంటగా వేస్తారు. 25 వేల వోల్టుల కరెంటు లైన్లలో ఇంజను వాడుకున్న కరెంటు పట్టాల గుండానే సబ్‌స్టేషన్‌కి తిరిగి వెళ్ళాలి కాబట్టి అక్కడా బాండ్లు తప్పవు. నాలుగు బోల్టుల ఇనుప పలకనే నమ్మనప్పుడు, గోరంత రేకు జాయినరుని మనం నమ్మడం ఏం న్యాయం?

ఇంట్లో ఈ పని ఎలా చేసుకోవాలో చెప్తాను. బల్ల అడుగున, పట్టా వెళ్ళినంత దూరం రెండు లావాటి రాగి తీగలు వెళ్ళాలి. వీటిని బస్ వైర్లు అంటారు. వాటి నుంచి పట్టాకి డ్రాపర్లు అనే సన్నటి తీగలు ఎక్కాలి. మన అపార్ట్‌మెంటులో ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి లావాటి పైపు దిగి, దాని నుంచి ప్రతి ఫ్లాటుకీ సన్న పైపు చీలినట్టే ఇదీ. బస్‌కి ఇళ్ళలో ప్లగ్ పాయింట్లకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ బాగుంటుంది. 90 మీటర్ల కాయిల్ కొంటే ఎర్రది ఒకటి, నల్లది ఒకటి పెద్ద గదికి కూడా మిగులుతాయి. ఈ తీగ మీటరుకి 0.0074 ఓమ్ మాత్రమే అడ్డుపడుతుంది. 10 మీటర్లు వెళ్ళి వచ్చినా, 3 ఆంపియర్లు లాగినా, అర వోల్టు కూడా పోదు. అదే దూరానికి అర చదరపు మిల్లీమీటరు తీగ వాడితే రెండు వోల్టులకు పైగా పోతుంది. తీగ దగ్గర పొదుపు చేసి ఇంజను దగ్గర బాధపడటం ఎందుకు?

డ్రాపరు సన్నగా ఉన్నా ఫరవాలేదు, అర చదరపు మిల్లీమీటరు చాలు. పొడవు జానెడు దాటకూడదు. ప్రతి పట్టా ముక్కకీ దాని డ్రాపరు దానికి ఉండాలి. 22 ముక్కలుంటే 44 డ్రాపర్లు. వినగానే గుండె జారుతుంది, నిజమే. కానీ బల్ల కింద పడుకుని చేసే ఆ రెండు మూడు ఆదివారాల పని, తరవాత ఏళ్ళ తరబడి వెతుకులాట లేకుండా చేస్తుంది. ఎర్ర తీగ ఎప్పుడూ గోడ వైపు పట్టాకి, నల్ల తీగ మన వైపు పట్టాకి అని ముందే పెట్టుకోండి. ప్రతి తీగకీ ప్యానెల్ బోర్డులవాళ్ళు తొడిగే నంబర్ ఫెర్రూల్స్ తొడగండి. రెండేళ్ళ తరవాత ఏ తీగ ఎక్కడికి వెళ్ళిందో గుర్తుండదు.

పట్టాలు, ఇంజన్లు ఎక్కువగా విదేశాల నుంచే తెప్పించుకోవాల్సి వస్తుంది. తీగల పని సామాను మాత్రం అంతా ఊళ్ళోనే దొరుకుతుంది. కోఠీలో ట్రూప్ బజారుకి వెళ్తే తీగలు, కనెక్టర్ స్ట్రిప్పులు, లగ్గులు. ఆ దగ్గర్లోనే గుజరాతీ గల్లీలో సోల్డరింగ్ ఐరన్, సోల్డరు, ఫ్లక్స్, మల్టీమీటరు, స్విచ్చులు. మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారకుండా నేరుగా ఎం.జి.బి.ఎస్. వైపు వెళ్ళే బండిలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే సరి, కోఠీ అదే.

సోల్డరింగ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పట్టాలు పాడయ్యేది ఇక్కడే. పట్టా కింద స్లీపర్లు ప్లాస్టిక్‌వి. 60/40 సోల్డరు 190 డిగ్రీల దగ్గర కరుగుతుంది. స్లీపర్లు మెత్తబడటానికి అంతకన్నా తక్కువే చాలు. ప్లాస్టిక్ కరుగుతుందేమోనని చాలామంది 25 వాట్ల చిన్న ఐరన్ తీసుకుంటారు. అది తిరగబడుతుంది. చిన్న ఐరన్ వేడిని పట్టా లాగేసుకుంటూ ఉంటుంది, సోల్డరు కరగదు, మనం నొక్కిపెట్టి కూర్చుంటాం, ఈలోపు వేడి రెండు పక్కలా పాకి నాలుగు స్లీపర్లు వంగిపోతాయి. 50, 60 వాట్ల ఐరన్, మొన బాగా శుభ్రంగా ఉన్నది తీసుకుని, రెండు మూడు సెకన్లు తాకించి తీసెయ్యాలి. పట్టా పక్క భాగాన్ని ముందు గీకి, ఫ్లక్స్ రాసి, పలచగా సోల్డరు ఎక్కించండి. డ్రాపరు కొసకీ విడిగా ఎక్కించండి. తరవాత రెండూ ఆనించి ఒక్కసారి వేడి తాకిస్తే అతుక్కుంటాయి. కంసాలి వెలిగారం లేకుండా టంకం పెట్టడు, మనమూ ఫ్లక్స్ లేకుండా మొదలుపెట్టకూడదు. కానీ రేకు పనివాళ్ళు వాడే యాసిడ్ మాత్రం వద్దు, రోజిన్ ఫ్లక్సే వాడాలి. యాసిడ్ మిగిలిపోయి సన్న తీగని తినేస్తుంది. డ్రాపరు పట్టాకి బయటి పక్కే ఉండాలి, లోపలి పక్క చక్రం అంచు వెళ్ళే దారి.

అన్ని అతుకులకీ సోల్డరు పెట్టెయ్యవచ్చా అని అడుగుతారు. వద్దు. మన పై అంతస్తు గదుల సంగతి తెలుసు కదా. మే నెల మధ్యాహ్నం తలుపులు మూసి ఉంటే స్లాబు వేడికి గది 40 డిగ్రీలకి చేరుతుంది. సాయంత్రం ఏసీ వేస్తే 24కి దిగుతుంది. ఆ తేడాకి 10 మీటర్ల నికెల్ సిల్వర్ పట్టా రెండున్నర మిల్లీమీటర్లు సాగి ముడుచుకుంటుంది. ఎక్కడా సందు లేకపోతే పట్టా పక్కకి ఉబ్బుతుంది. పెద్ద రైల్వేలో ఎండాకాలం పట్టాలు వంకరపోతాయని గస్తీ తిరిగేది ఇందుకే. వాళ్ళు థర్మిట్‌తో అతికిన పొడుగు పట్టాలని కాంక్రీటు స్లీపర్లతో, గుట్టలు గుట్టలుగా పోసిన కంకరతో కదలకుండా పట్టి ఉంచుతారు. మనకి ఆ బరువు లేదు. అందుకని తిన్నని దారిలో అతుకుల్ని సోల్డరు చెయ్యకుండా వదిలి, మధ్య పోస్ట్‌కార్డు మందం సందు ఉంచాలి. డ్రాపర్లు ఉన్నాయి కాబట్టి కరెంటుకి లోటు రాదు.

వంపుల్లో మాత్రం సోల్డరు తప్పదు. ఫ్లెక్స్ పట్టా వంచి తరవాత కలపబోతే, అతుకు దగ్గర రెండు కొసలూ తిన్నబడాలని చూస్తాయి, మోచెయ్యిలాంటి వంకర పడుతుంది. పెట్టెలు పట్టా తప్పేది సరిగ్గా అక్కడే. రెండు ముక్కల్నీ నేల మీద తిన్నగా పెట్టి, జాయినరు తొడిగి, సోల్డరు చేసి, చల్లారాక రెండింటినీ ఒకే ముక్కలా వంచండి. లోపలి పట్టా కొస బయటికి పొడుచుకొస్తుంది, దాన్ని కోసి ఆకురాయితో నున్నగా రుద్దండి. కోసిన చోట మిగిలే అంచు గోటికి తగులుతుంటే చక్రానికీ తగులుతుంది. పాత జాయినరు వదులైతే నొక్కి మళ్ళీ వాడకండి, కొత్తది పెట్టండి.

కొన్నిచోట్ల కరెంటు దాటకుండా ఆపాలి కూడా. ఇంజను చుట్టూ తిరిగి తను బయలుదేరిన పట్టా మీదికే ఎదురుగా వచ్చే లూప్ ఉందనుకోండి, అక్కడ ఎర్ర పట్టా నల్ల పట్టాని కలుస్తుంది, వెంటనే షార్ట్. అలాంటిచోట ప్లాస్టిక్ జాయినర్లు పెట్టి ఆ భాగాన్ని రెండు చివర్లా విడదియ్యాలి, దాని కరెంటు దిశని మార్చే పరికరం వేరే పెట్టాలి. దారులు చీలే పాయింట్ల మధ్య రెండు పట్టాలు కత్తెరలా దాటే చోట కూడా ఇదే జాగ్రత్త కావాలి. రైల్వేవాళ్ళు ట్రాక్ సర్క్యూట్ విడదియ్యడానికి వేసే గ్లూడ్ జాయింట్‌కి మన ప్లాస్టిక్ జాయినరు తమ్ముడు.

ఇప్పుడు చాలామంది డి.సి.సి. అనే డిజిటల్ పద్ధతిలో నడుపుతున్నారు. జర్మనీలో లెంజ్ సంస్థ రూపొందించిన పద్ధతిని ఆధారం చేసుకుని 1990లలో అమెరికా నమూనా రైళ్ళ సంఘం దీన్ని ప్రమాణంగా నిర్ణయించింది. పట్టాల మీద ఎప్పుడూ నిండు వోల్టేజీ ఉంటుంది, దాని దిశ గబగబా మారుతుంటుంది. మార్పుకీ మార్పుకీ మధ్య 58 మైక్రోసెకన్లు ఉంటే అది ఒకటి, 100 లేదా అంతకు పైన ఉంటే సున్న. ఆ ఒకట్లూ సున్నాలే ఇంజను లోపలి చిప్పుకి ఆజ్ఞలు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు దీన్ని ఇట్టే పట్టుకుంటారు, కంప్యూటర్‌తో నడిపించడానికి ప్రోగ్రాములూ రాసేస్తారు. కానీ శక్తీ సమాచారమూ ఒకే జత పట్టాల మీద వెళ్తున్నాయి కాబట్టి ఒక్క అతుకు పాడైతే రెండూ పోతాయి. ప్రోగ్రాములో వెతికితే ఆ తప్పు దొరకదు.

డి.సి.సి.లో భయపడాల్సిన విషయం ఇంకోటి ఉంది. కరెంటు పెట్టె 5 ఆంపియర్లు దాటితే తనంతట తాను ఆగిపోయేలా ఉంటుంది. 15 వోల్టులు ఇస్తున్నామనుకోండి. పట్టాల దారే 4 ఓమ్‌లు అడ్డుపడుతుంటే, దూరాన పెట్టె పట్టా తప్పి షార్ట్ అయినా నాలుగు ఆంపియర్లకి లోపే పారుతుంది. కరెంటు పెట్టె దాన్ని షార్ట్ అని గుర్తించదు, ఆగదు. 50 వాట్లకు పైగా వేడి ఆ దారి అంతటా, ముఖ్యంగా చక్రం తగిలిన చోట పుడుతూనే ఉంటుంది. ప్లాస్టిక్ బోగీ కరిగిపోతుంది. ఇంట్లో చెక్క ఉంది, పిల్లలున్నారు. అందుకే ఒక పరీక్ష. ఐదు రూపాయల బిళ్ళ తీసుకుని, ప్రతి మూడడుగులకీ రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టండి. పెట్టిన ప్రతిచోటా కరెంటు పెట్టె టక్కున ఆగిపోవాలి. ఎక్కడ ఆగలేదో అక్కడ డ్రాపరు చాలలేదన్నమాట. గది పెద్దదైతే దారిని మూడు నాలుగు భాగాలు చేసి, ఒక్కోదానికీ విడి బ్రేకరు పెట్టండి. హఫీజ్‌పేటలో షార్ట్ అయితే లింగంపల్లి బండి ఆగకూడదు కదా.

ఇంకొక కఠిన నియమం. 230 వోల్టుల తీగ బల్ల కిందికి రాకూడదు. గోడ దగ్గరే మంచి కంపెనీ అడాప్టరు పెట్టి, అక్కడి నుంచి తక్కువ వోల్టేజీ మాత్రమే బల్ల కిందికి రానివ్వండి.

సాఫ్ట్‌వేర్ మిత్రులకి ఒక చరిత్ర చెప్పాలి. అమెరికాలో ఎం.ఐ.టి. విద్యార్థులు 1946లో నమూనా రైళ్ళ క్లబ్బు ఒకటి పెట్టుకున్నారు. అందులో కొందరికి బల్ల పైన కొండలూ ఇళ్ళూ ఇష్టం. ఇంకొందరికి బల్ల కింద టెలిఫోన్ రిలేలతో అల్లిన తీగల వ్యవస్థ ఇష్టం, వాళ్ళ జట్టు పేరే సిగ్నళ్ళు, కరెంటు ఉపసంఘం. ఆ రెండో జట్టు కుర్రాళ్ళే తరవాత అక్కడి తొలి కంప్యూటర్ల దగ్గర రాత్రుళ్ళు గడిపి ప్రోగ్రామింగ్‌ని ఒక విద్యగా మార్చినవాళ్ళలో ముందున్నారు. స్టీవెన్ లెవీ 1984లో రాసిన పుస్తకం వాళ్ళతోనే మొదలవుతుంది. మన సైబరాబాద్ పిల్లలు తెర ముందు నేర్చుకునేదానికి ముందు, ఒక తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో చేత్తో తడిమి తెలుసుకుంటే ఎంత బాగుంటుంది! ఎనిమిదేళ్ళ పిల్ల మల్టీమీటరు రెండు కొసలూ పట్టాకీ బస్‌కీ తగిలించి, బీప్ వినగానే నంబరుకి ఎదురుగా టిక్కు పెట్టగలదు. సోల్డరింగ్ ఐరన్ మాత్రం పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి.

బల్ల గురించి రెండు మాటలు. మన వానాకాలానికి మామూలు ప్లైవుడ్ ఉబ్బుతుంది, ఉబ్బితే అతుకులన్నీ ఎత్తుపల్లాలవుతాయి. ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకుని, కోసిన అంచులకీ డ్రాపర్ల కోసం వేసిన రంధ్రాలకీ కూడా వార్నిష్ పట్టించండి. పట్టా శుభ్రం చెయ్యడానికి గరుకు కాగితం వాడకండి, ఆ గీతల్లోనే మళ్ళీ దుమ్ము కూర్చుంటుంది. మెత్తటి గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిస్తే చాలు. తుడిచేటప్పుడు కరెంటు ఆపేసి, కిటికీ తెరిచి ఉంచండి.

పట్టాల మధ్య కంకర అతికించే పని అన్నిటికన్నా చివర పెట్టుకోండి. జిగురు ఆరిందంటే ఇక అతుకు విప్పడం కుదరదు. బిళ్ళ పరీక్ష దారంతా నెగ్గాలి, పొడుగైన బండి రెండు వైపులా, ముందుకీ వెనక్కీ, మీ దగ్గరున్న అన్ని పెట్టెలతోనూ నడవాలి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దాటనిచ్చి, వదులైన జాయినర్లు మార్చి, అప్పుడు కంకర పొయ్యండి. పోసేటప్పుడు తిన్నని దారిలో మనం వదిలిన సందుల్లోకీ, పాయింట్ల కదిలే బ్లేళ్ళ కిందికీ జిగురు పోకుండా చూసుకోవాలి.